రిపోర్టులో 45 అని ఉంటే ఒక క్రోమోజోమ్ పోయినట్టేనా? కొన్ని అపోహలు, వాస్తవాలు

కార్యోటైప్, అంటే కణంలోని క్రోమోజోములను లెక్కపెట్టి పోల్చి చూసే పరీక్ష, దాని రిపోర్టు చేతికి రాగానే అందరూ మొదట చూసేది రాతను కాదు, బొమ్మను. ఇరవైమూడు జతలు, పెద్దవి ముందు, చిన్నవి వెనక, నంబర్లతో సహా నీటుగా పేర్చి ఉంటాయి. అది చూసి "కణంలో ఇవి ఇలా వరసగా ఉండాలన్నమాట, నాకు వరస తప్పింది" అనుకుంటారు. క్రోమోజోములను పరీక్షించే సైటోజెనెటిక్స్ ల్యాబులో పనిచేస్తూ నేను పదేపదే వినేది ఇదే. జనాన్ని ఎక్కువగా ముంచేదీ ఇదే, కాబట్టి దీని గురించే ఎక్కువ రాస్తాను, మిగతావి చివర్లో గబగబా చెప్పేస్తాను.

అపోహ: కేంద్రకంలో క్రోమోజోములు ఆ బొమ్మలో ఉన్నట్టే జతలుగా, వరసగా ఉంటాయి.

ఉండవు. ఆ బొమ్మ మేం తయారుచేసింది. రక్తంలోని తెల్లకణాలను దాదాపు మూడు రోజులు కల్చర్‌లో పెంచి, విభజన మధ్యలో కొల్సెమిడ్ అనే మందు వేసి ఆపేస్తాం. తర్వాత పలచటి ఉప్పు ద్రావణంలో పెడితే కణాలు నీళ్లు పీల్చుకుని ఉబ్బుతాయి, ఫిక్స్ చేసి స్లైడ్ మీద చుక్క వేస్తే పరుచుకుంటాయి. అప్పుడు మైక్రోస్కోప్‌లో కనపడేది మీ రిపోర్టులో బొమ్మ కాదు. 3వ నంబరు మీద 17 అడ్డంగా పడి ఉంటుంది, రెండు 21లూ చెరో మూలన ఉంటాయి, ఏదో ఒకటి వంకర తిరిగి దాని చారలు లెక్కపెట్టనివ్వదు. వాటిని విడదీసి, వంకరలు సరిచేసి, సైజు ప్రకారం పేర్చేది మేమూ, మా సాఫ్ట్‌వేరూ. క్లాస్ ఫోటోలో ఎత్తు ప్రకారం నిలబెట్టినంత మాత్రాన పిల్లలు రోజంతా అలాగే నిలబడి ఉండరు కదా.

మరి అసలు ఎలా ఉంటాయి? విభజన జరగని సమయంలో, అంటే కణం జీవితంలో ఎక్కువ భాగం, ఆ లావుపాటి కడ్డీలే ఉండవు. సుమారు రెండు మీటర్ల పొడవున్న డీఎన్‌ఏ హిస్టోన్ ప్రోటీన్లకు చుట్టుకుని, మళ్లీ వలయాలుగా ముడుచుకుని, పది మైక్రాన్లు కూడా ఉండీ లేని కేంద్రకంలో సర్దుకుని ఉంటుంది. అలాగని అన్నీ కలగాపులగంగా కలిసిపోవు. ఒక్కో క్రోమోజోమ్‌కీ తనదంటూ కొంత చోటు ఉంటుంది, మేం టెరిటరీ అంటాం. బొవెరి అనే జీవశాస్త్రవేత్త 1909లోనే ఈ మాట అన్నాడు, కానీ చాలాకాలం ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 1970ల చివర్లో, 80ల మొదట్లో క్రెమర్ సోదరులనే శాస్త్రవేత్తలు కేంద్రకంలో ఒక చిన్న చోట మాత్రమే లేజర్ కొట్టి చూస్తే, దెబ్బ అన్నిటికీ కాకుండా కొన్ని క్రోమోజోములకే తగిలింది. ఇప్పుడైతే ఫిష్ పెయింట్ (ఎంచుకున్న క్రోమోజోమ్‌కే అంటుకుని వెలిగే రంగు) వేసి ఎవరైనా చూడొచ్చు: ఒక నంబరుకి రంగేస్తే కేంద్రకంలో రెండు మచ్చలు వెలుగుతాయి, చాలాసార్లు ఆ రెండూ దూరదూరంగానే ఉంటాయి. జత క్రోమోజోములు అంటిపెట్టుకుని ఉండటం పండు ఈగల కణాల్లో మామూలే, మన శరీర కణాల్లో కాదు.

ఎవరు ఎక్కడ అన్నదానికి కొంత ధోరణి ఉంది. 18, 19 దాదాపు ఒకే సైజు. అయినా తెల్లకణాల్లో జన్యువులు తక్కువున్న 18 అంచు వైపు, జన్యువులు కిక్కిరిసిన 19 మధ్యలో ఉంటాయి. కానీ ఎవరి పక్కన ఎవరు అన్నది కణానికీ కణానికీ మారుతుంది. కాబట్టి మీ శరీరం "తప్పిన" వరస అంటూ ఒకటి లేదు.

ఇక 45 సంగతి. మామూలుగా ఇరవైమూడు జతలు, అంటే 46 ఉండాలి. ఒక జంట వచ్చారు, చేతిలో లావుపాటి ఫైలు. రెండుసార్లు గర్భం పోయింది, పరీక్ష చేయిస్తే ఆమెకు 45 వచ్చింది. నమ్మకం కుదరక ఇంకో రెండు ల్యాబుల్లో చేయించారు, మళ్లీ 45. భర్త అడిగిన మొదటి ప్రశ్న, "ఆ పోయిన ఒక్కటీ మళ్లీ రావడానికి మందేమైనా ఉందాండీ?" ఆమె అప్పటిదాకా నోరు విప్పలేదు. అప్పటికే ఎవరో డీఎన్‌ఏ రిపేర్ చేస్తుందని ఒక పొడి అంటగట్టారు, నెలల తరబడి తాగుతోంది. ఆ పొడి అమ్మినవాళ్ల మీద నాకు వచ్చిన కోపం ఇక్కడ రాయలేను.

ఆమెకు ఏదీ పోలేదు. 13, 14 ఒకదానికొకటి అతుక్కుని ఒక్కటిగా లెక్కకొచ్చాయి, అంతే. దీన్ని రాబర్ట్‌సోనియన్ ట్రాన్స్‌లొకేషన్ అంటారు, సుమారు వెయ్యిమందిలో ఒకరికి ఉంటుంది. కేంద్రకం లోపలి అమరిక ఇక్కడే పనికొస్తుంది. 13, 14, 15, 21, 22 ఈ ఐదింటి పొట్టి చేతుల్లో (క్రోమోజోమ్ నడుముకి ఒకవైపు ఉండే చిన్న భాగాల్లో) రైబోసోముల ఆర్‌ఎన్‌ఏ తయారుచేసే జన్యువులున్నాయి. ఆ పని జరిగేది కేంద్రకం లోపలే ఉండే న్యూక్లియోలస్ అనే భాగంలో, కాబట్టి ఆ చేతులన్నీ అక్కడికి చేరతాయి. పైగా వాటిలో ఒకేలాంటి డీఎన్‌ఏ వరసలు చాలా ఉన్నాయి. దగ్గరగా ఉండేవి, ఒకేలా ఉండేవి అప్పుడప్పుడు పొరపాటున అతుక్కుంటాయి. అతుక్కున్నప్పుడు రెండు పొట్టి చేతులు పోతాయి నిజమే, కానీ అవే జన్యువులు మిగతా ఎనిమిదింటిలో కావలసినన్ని ఉంటాయి.

ఆమె అమ్మానాన్నలకు కూడా పరీక్ష చేయించమన్నాను. నాన్నగారికీ 45. ముగ్గురు పిల్లలు, మనవలు కూడా ఉన్నారు. ఆయన నన్నే అడిగాడు, "ఇన్నాళ్లూ నాకు తెలీలేదు, ఇప్పుడు తెలిసి ఏం చెయ్యాలి?" మీ ఒంటికైతే ఏమీ చెయ్యక్కర్లేదన్నాను.

చిక్కు వచ్చేది అండం, వీర్యకణం తయారయ్యేటప్పుడు. అప్పుడు మాత్రం జతలు నిజంగానే పక్కపక్కన చేరాలి, అతుక్కున్నది ఎటు పోవాలో తేలక కొన్నిట్లో ఒకటి ఎక్కువో తక్కువో అవుతుంది. గర్భాలు పోయేది అందుకే, ఆమె తిన్నదాని వల్లో చేసిన పని వల్లో కాదు. ఏవి అతుక్కున్నాయన్నది కూడా ముఖ్యమే. 14, 21 అతుకు తల్లిలో ఉంటే డౌన్ సిండ్రోమ్ (21 ఒకటి ఎక్కువుండటం) ఉన్న బిడ్డ పుట్టే అవకాశం పది శాతం పైనే, తండ్రిలో ఉంటే చాలా తక్కువ. 21తో 21 అతుక్కుంటే మాత్రం కథ వేరు, పుట్టే బిడ్డకు డౌన్ సిండ్రోమ్ తప్పదు. అందుకే నాలుగో ల్యాబుకి ఇచ్చే డబ్బు జెనెటిక్ కౌన్సెలర్‌కి ఇవ్వండి. పుట్టుకతో వచ్చిన అతుకు ల్యాబు మార్చినా, పొడి తాగినా మారదు. గర్భంలో బిడ్డకు పరీక్ష, ఐవీఎఫ్‌లో పిండాన్ని ముందే పరీక్షించడం లాంటి దారులు ఉన్నాయి.

ఒక్క మాట: 45 తర్వాత ఒకే ఒక్క ఎక్స్ ఉండి ఇంకేమీ లేకపోతే అది టర్నర్ సిండ్రోమ్, అక్కడ నిజంగానే ఒకటి లేదు. 45 తర్వాత డెర్ లేదా రాబ్ అని, బ్రాకెట్లో రెండు నంబర్లు ఉంటేనే నేను పైన చెప్పింది వర్తిస్తుంది. అంకె చూసి ఆగిపోకండి.

మిగతావి:

"క్రోమోజోములు ఎప్పుడూ ఎక్స్ ఆకారంలో ఉంటాయి." విభజనకు ముందు కాపీ అయ్యాక, అదీ కాసేపే.

"9వ క్రోమోజోమ్‌లో ఇన్వర్షన్ ఉంది, అందుకే గర్భం నిలవట్లేదు." ఇన్వర్షన్ అంటే ఒక ముక్క తిరగబడి ఉండటం. సెంట్రోమియర్ (క్రోమోజోమ్ నడుము) దగ్గర మామూలుగా కనపడే ఆ ఇన్వర్షన్ చాలామందిలో ఉంటుంది, జబ్బు కాదు. దీనికి టెన్షన్ పడేవాళ్లను చూస్తే జాలేస్తుంది.

"జన్యువు తెగకపోతే ఏం కాదు." సాధారణంగా నిజమే, ఎప్పుడూ కాదు. డీఎన్‌ఏ వలయాల హద్దులు చెదిరితే ఒక జన్యువుని నడిపించాల్సిన స్విచ్ పక్క జన్యువుని నడిపిస్తుంది. జన్యువులు చెక్కుచెదరకపోయినా, హద్దు పోవడం వల్ల వేళ్లు సరిగ్గా ఏర్పడని కుటుంబాల గురించి 2015లో వివరంగా రాశారు. అందుకే తల్లిదండ్రుల్లో లేని ట్రాన్స్‌లొకేషన్ (క్రోమోజోమ్ ముక్కలు చోటు మారడం) బిడ్డలో కొత్తగా కనపడితే ఇంకాస్త లోతుగా చూస్తాం.

"మైక్రోఅరే నార్మల్ వచ్చింది, కాబట్టి ట్రాన్స్‌లొకేషన్ లేదు." ఇది డబ్బు ఖర్చుపెట్టి మరీ మోసపోవడం. మైక్రోఅరే చూసేది డీఎన్‌ఏ ఎక్కువైందా తక్కువైందా అని. ముక్కలు చోటు మార్చుకుని మొత్తం సరిపోతే దానికేమీ కనపడదు. గర్భాలు పదేపదే పోతుంటే భార్యాభర్తలిద్దరికీ కార్యోటైప్ కూడా చేయించమని అడగండి.