రెండేళ్ల గుర్రంలో డర్బీ విజేత కనిపిస్తుందా? అపోహలు – వాస్తవాలు

అక్టోబరులో రెండేళ్ల గుర్రాల పెద్ద పందేలు ముగిసీ ముగియకముందే అందరి నోటా ఒకటే ప్రశ్న: వచ్చే ఏడాది మూడేళ్ల గుర్రాల పెద్ద పందేలైన గినీస్ ఎవరిది, డర్బీ ఎవరిది? పందేల ఫలితాలు చూసి గుర్రాలకు రేటింగులు వేయడం నా వృత్తి కాబట్టి ఆ ప్రశ్న నన్నూ వదలదు. దానితోపాటు ఏటా తిరిగొచ్చే అపోహలు కొన్ని ఉన్నాయి. ఉదాహరణలు ఎక్కువగా ఇంగ్లండు, అమెరికా పందేల నుంచి తీసుకుంటున్నాను.

అపోహ: పువ్వు పుట్టగానే పరిమళిస్తుంది. రెండేళ్లకే మేటి అయినది మూడేళ్లకూ మేటిగానే ఉంటుంది.

వాస్తవం: సామెత సగమే నిజం. నిజిన్‌స్కీ అనే గుర్రం 1969లో రెండేళ్ల గుర్రాల పందెమైన డ్యూహర్స్ట్ గెలిచి, 1970లో గినీస్, డర్బీ, సెయింట్ లెజర్ మూడూ ఎగరేసుకుపోయింది. ఫ్రాంకెల్ 2010లో డ్యూహర్స్ట్, మరుసటి ఏడు గినీస్ గెలిచింది. 2015లో అదే డ్యూహర్స్ట్‌ను అలవోకగా గెలిచిన ఎయిర్ ఫోర్స్ బ్లూ మాత్రం తర్వాతి ఏప్రిల్ చివర గినీస్‌కు గట్టి ఫేవరెట్‌గా దిగి ఎక్కడో వెనక మిగిలిపోయింది. అమెరికాలోనైతే 1984లో మొదలైన బ్రీడర్స్ కప్ జువెనైల్‌ను (రెండేళ్ల గుర్రాల పందెం), ఆపై కెంటకీ డర్బీని గెలిచినవి 2025 వరకు రెండే: స్ట్రీట్ సెన్స్, నైక్విస్ట్.

రెండేళ్ల వయసులో గెలుపుకు చాలాసార్లు అసలు కారణం శరీరం తోటివాటికంటే ముందే ఎదగడం. మోకాలికి పైనున్న ఎముక ఎదుగుదల ఆగేదే సుమారు రెండున్నరేళ్లకు. మిగతావి కూడా ఎదిగి వచ్చాక ఆ ఆధిక్యం కరిగిపోవచ్చు. పైగా పరీక్షే మారిపోతుంది. డ్యూహర్స్ట్ ఒక్క మలుపూ లేని 7 ఫర్లాంగుల (ఫర్లాంగు అంటే సుమారు 200 మీటర్లు) పరుగు. ఎప్సమ్‌లో డర్బీ 12 ఫర్లాంగుల పైచిలుకు. మొదట ఎక్కుడు, తర్వాత దిగుతూ ఎడమకు తిరిగే టాటెన్‌హామ్ మలుపు, ఆపై పక్కకు వాలిన బాట.

అపోహ: గడియారం అబద్ధం చెప్పదు.

వాస్తవం: చెప్పదు గానీ, అడిగినదానికే జవాబిస్తుంది. 2006లో ఒక వేలానికి ముందు గ్రీన్ మంకీ అనే రెండేళ్ల గుర్రం ఒక్క ఫర్లాంగును 9.8 సెకన్లలో పరుగెత్తింది. కోటీ అరవై లక్షల డాలర్లకు అమ్ముడుపోయింది. తర్వాత మూడు పందేల్లో దిగి ఒక్కటీ గెలవలేదు. ఒక ఫర్లాంగు వేగం ఒక ఫర్లాంగు సంగతే చెప్పింది.

మొత్తం సమయం కూడా అంతే. మొదటి సగం నింపాదిగా సాగి చివర ఉరుకులాట అయిన పందెంలో మంచి గుర్రం కూడా మామూలు సమయమే నమోదు చేస్తుంది. అందుకే ఫర్లాంగు ఫర్లాంగుకూ విడి సమయాలు చూడాలి. అదే రోజు, అదే బాటపై, అదే దూరంలో జరిగిన ఇతర పందేలతో, మోసిన బరువులతో సహా పోల్చాలి.

వీడియోలోనైతే గెలిచిన గుర్రాన్ని చివర చూస్తాను. ముందు చూసేది ఇలాంటి గుర్రాన్ని: తొలి పందెం, గేటు తెరుచుకున్నాక తేరుకోవడానికే క్షణం పట్టింది. ముందున్నవాటి గిట్టల మట్టి ముఖాన పడుతుంటే తల ఎత్తేసింది. రెండు ఫర్లాంగులు మిగలగానే జాకీ చేతులు కదిలించాడు, ఐదారు అంగల దాకా ఏ స్పందనా లేదు. తర్వాత ముందుకాలు మార్చి మెడ దించింది, అంగ సాగింది. మూడో స్థానం. గీత దాటాక మిగతావన్నీ నెమ్మదించినా, దాన్ని ఆపడానికి జాకీ నానా తంటాలు పడ్డాడు. ఆ రోజుకు దాని రేటింగ్ తక్కువే. ముందుముందు గమనించాలని పక్కన నేను పెట్టుకునే చుక్క మాత్రం దీనికే, గెలిచినదానికి ఉండదు.

అపోహ: తండ్రి మైలు గుర్రమైతే బిడ్డ డర్బీకి పనికిరాదు. డర్బీ ఎంట్రీ లేదంటే యజమానికే నమ్మకం లేదన్నమాట.

వాస్తవం: ఈ రెండింటికీ గోల్డెన్ హార్న్ ఒక్కటే సమాధానం. తండ్రి కేప్ క్రాస్, తల్లివైపు తాత దుబాయ్ డెస్టినేషన్ మైలు పందేల్లో పేరు తెచ్చుకున్నవే. అంత దూరం నిలవదేమోనన్న అనుమానంతో దానికి మొదట డర్బీ ఎంట్రీయే వేయలేదు. చివరికి 75,000 పౌండ్లు కట్టి చేర్చారు. 2015 డర్బీ గెలిచింది. నిజానికి కేప్ క్రాస్ సంతానంలో అప్పటికే 2004 ఓక్స్ (ఆడ గుర్రాల క్లాసిక్ పందెం) విజేత విజా బోర్డ్, 2009 డర్బీ విజేత సీ ద స్టార్స్ ఉన్నాయి. తండ్రి ఎంత దూరం గెలిచిందన్నదానికంటే, దాని పిల్లలు ఎంత దూరం నిలిచాయన్నదే ముఖ్యం. తల్లి చరిత్ర కూడా అలాగే చదవాలి.

జన్యు పరీక్ష ఉందిగా అంటారు. కండరాల పెరుగుదలను అదుపుచేసే మయోస్టాటిన్ జన్యువులోని ఒక తేడాకూ గుర్రానికి నప్పే దూరానికీ సంబంధం ఉందని 2010లో డబ్లిన్ పరిశోధకులు చూపించారు. మంచి పనిముట్టే. అయితే అది దూరం గురించి చెబుతుంది, సత్తా గురించి కాదు.

అపోహ: ఆలస్యంగా పుట్టినవి, పొట్టివి క్లాసిక్స్‌కు (గినీస్, డర్బీ వంటి మూడేళ్ల గుర్రాల పెద్ద పందేలకు) తగవు.

వాస్తవం: ఉత్తరార్ధగోళంలో ప్రతి రేసు గుర్రానికీ జనవరి 1నే వయసు పెరుగుతుంది. కాబట్టి మేలో పుట్టినదానికి రెండేళ్లప్పుడు ఇబ్బందే, ఒప్పుకుంటాను. కానీ నార్తర్న్ డాన్సర్ పుట్టింది 1961 మే 27న, పైగా పొట్టిది. 1964 కెంటకీ డర్బీ గెలిచింది. నేనైతే ఆలస్యంగా పుట్టి శరదృతువుకల్లా ముందువాటిని అందుకున్న గుర్రానికి నాలుగు మార్కులు ఎక్కువే వేస్తాను. రంగు, కాళ్లమీద తెల్లమచ్చల శకునాలకు ఇక్కడ చోటు వృథా.

అపోహ: రెండేళ్లప్పుడు అనుభవం లేనిదాన్ని లెక్కలోకి తీసుకోనక్కర్లేదు.

వాస్తవం: లామ్‌టారా రెండేళ్లప్పుడు ఒక్క పందెం పరుగెత్తింది, దాని రెండో పందెమే 1995 డర్బీ గెలుపు. 2022 విజేత డెసర్ట్ క్రౌన్‌కూ రెండేళ్లప్పుడు ఒక్క పందెమే. అమెరికాలో రెండేళ్లప్పుడు అసలు దిగకుండా కెంటకీ డర్బీ గెలవడం 1882లో అపోలో తర్వాత 2018లో జస్టిఫై దాకా జరగలేదు. అక్కడ క్లాసిక్ మే మొదట్లోనే వస్తుంది, గుంపు కూడా పెద్దది. అనుభవం లేకపోతే కష్టం ఎక్కువ.

అపోహ: గినీస్‌లో చతికిలపడితే డర్బీ ఆశలు వదులుకోవలసిందే.

వాస్తవం: 2023 గినీస్‌లో అగస్ట్ రోడాన్ 14 గుర్రాల్లో 12వది. 2024లో సిటీ ఆఫ్ ట్రాయ్ 11 గుర్రాల్లో 9వది. రెండూ నెల తిరగకుండానే డర్బీ గెలిచాయి. రెండింటికీ శిక్షకుడు ఎయిడన్ ఓబ్రయనే. అందుకే ఆయన లాయం నుంచి వచ్చిన గుర్రం మే నెలలో ఓడితే, శీతకాలమంతా కష్టపడి వేసిన రేటింగులో నేను పెద్దగా కోత పెట్టను.