"దేవుడు నయం చేశాడు, ఇక మాత్రలెందుకు?": ఉగాండాలో నేను విన్న అపోహలు

ఉగాండాలో ఒక మిషన్ ఆసుపత్రిలో హెచ్‌ఐవీ కౌన్సెలర్‌గా పనిచేశాను. అక్కడ మతం, ఎయిడ్స్ గురించి రోజూ విన్న మాటలివి. మొదటిది ప్రాణాలు తీసే అపోహ.

అపోహ: ప్రార్థనతో వైరస్ పోయింది. రిపోర్టే సాక్ష్యం.

వాస్తవం: ఒకామె ఆదివారం చర్చిలో సాక్ష్యం చెప్పి, సోమవారం ఆ కాగితం నా బల్ల మీద పెట్టింది. రక్తంలో వైరస్ కనబడలేదని ఉంది. అది నిజమే, కానీ అది రోజూ మింగిన మాత్ర ఫలితం. మందు వైరస్‌ను అణిచి ఉంచుతుందే గానీ తుడిచిపెట్టదు. కొన్ని కణాల్లో అది నిద్రపోతూ ఉంటుంది. మాత్రలు మానేస్తే చాలామందిలో కొన్ని వారాల్లోనే మళ్లీ లేస్తుంది. "న్యాబో, దేవుడికి దణ్ణం పెట్టుకోండి, మాత్ర మాత్రం మానకండి" అన్నాను. న్యాబో అంటే అక్కడ అమ్మా అని. ఆమె తలూపి వెళ్లింది. నాలుగు నెలల తర్వాత టీబీతో, ఎముకల గూడులా వచ్చింది.

2011లో టాంజానియాలోని లోలియోండో ప్రాంతంలో ఒక విశ్రాంత లూథరన్ పాస్టర్ గ్లాసు కషాయం ఇస్తే హెచ్‌ఐవీ పోతుందని వేలమంది బారులు తీరారు. ఆ కషాయంతో హెచ్‌ఐవీ నయమైందని ఎక్కడా రుజువు కాలేదు.

అపోహ: ఇది పాపానికి శిక్ష.

వాస్తవం: తల్లి నుంచి వైరస్ సోకిన పసిబిడ్డ ఏ పాపం చేసింది? కట్టుకున్నవాణ్ని తప్ప ఎరగని ఆడవాళ్లను ఎంతమందిని చూశానో! ఉగాండా ఆంగ్లికన్ పాస్టర్ గిడియన్ బ్యాముగిషా 1991లో భార్యను పోగొట్టుకున్నారు. 1992లో తనకూ హెచ్‌ఐవీ ఉందని బహిరంగంగా చెప్పారు. అప్పటికి ఆఫ్రికాలో ఏ మతపెద్దా అలా చెప్పలేదు. ఆ మనిషి ధైర్యం ముందు మా కౌన్సెలింగ్ ఎంత?

అపోహ: సున్తీ అయితే హెచ్‌ఐవీ రాదు.

వాస్తవం: స్త్రీ నుంచి పురుషుడికి సోకే ముప్పు సుమారు 60 శాతం తగ్గుతుంది, అంతే. కండోమ్ కావాల్సిందే.

అపోహ: మతపెద్దలంతా అడ్డుపడేవాళ్లే.

వాస్తవం: కండోమ్ వాడకూడదన్న కాథలిక్ చర్చి పట్టుదల నష్టం చేసిందనే నా అభిప్రాయం. కానీ దక్షిణాఫ్రికా గనుల ప్రాంతమైన రస్టెన్‌బర్గ్‌లో అదే చర్చికి చెందిన బిషప్ కెవిన్ డౌలింగ్ ప్రాణాలు కాపాడటానికి కండోమ్ కావాలని బాహాటంగా అన్నారు. ఉగాండాలో ముస్లిం వైద్యుల సంఘం 1990ల ఆరంభంలోనే ఇమాములకు శిక్షణ ఇచ్చి ఊళ్లలోకి పంపింది. మంచాన పడ్డవాళ్ల ఇళ్లకు వెళ్లి సేవ చేసిన సిస్టర్లనైతే ఎప్పటికీ మరిచిపోలేను.

ఆ టీబీ వచ్చినామె బతికింది. మళ్లీ మాత్రలు మొదలుపెట్టాక ఒకరోజు డబ్బా తీసి చూపించింది. లోపల దూది కూరి ఉంది. ప్రార్థనకు వెళ్తుంటే సంచిలో మాత్రలు గలగలమంటాయని, పక్కవాళ్లు వింటారని. డబ్బా మీద హైదరాబాద్ కంపెనీ పేరు చూసి "ఇది మా ఊరి మందమ్మా" అన్నాను. ఆమె దూది తీసి డబ్బాను ఒకసారి గట్టిగా ఊపింది.