బెజవాడ వస్తున్న చిన్నూకీ అమ్ములుకీ

చిన్నూ, అమ్ములూ,

జూన్ మొదట్లో వస్తున్నారని మీ అమ్మ ఫోన్ చేసిన దగ్గర్నుంచి అమ్మమ్మకి కాలు ఒకచోట నిలవడం లేదు. నాకు మాత్రం ఒకటే పట్టుకుంది: ఉన్న నెల రోజులూ మిమ్మల్ని ఏసీ గదిలో కూర్చోబెట్టకూడదు, ఊరంతా తిరగాలి. అందుకే ఈ ఉత్తరం.

ముందు రోడ్డు దాటడం. మీ అమెరికాలో బళ్లు కుడి పక్కన నడుస్తాయి, ఇక్కడ ఎడమ పక్కన. కాబట్టి ముందు కుడివైపు చూడాలి, తర్వాత ఎడమవైపు కూడా, ఎందుకంటే రాంగ్ రూట్‌లో వచ్చే బైకులుంటాయి. బళ్లన్నీ ఆగి దారిస్తాయని బందరు రోడ్డు మీద నిలబడితే సాయంత్రం దాకా అక్కడే ఉంటారు. సిగ్నల్ దగ్గర దాటండి, అది లేనిచోట నలుగురు దాటుతుంటే వాళ్లతో కలిసి, చెయ్యి కాస్త ఎత్తి, ఒకే నడకన వెళ్లండి. పరిగెత్తొద్దు, వెనక్కి అసలు అడుగెయ్యొద్దు. బైకు మీద వచ్చేవాడు మీ నడక చూసి ముందు నుంచి పోవాలా వెనక నుంచి పోవాలా అని అప్పటికే లెక్కేసుకుని ఉంటాడు, మీరు ఠక్కున ఆగితే ఆ లెక్క తప్పుతుంది. హారన్ కొడితే తిట్టినట్టు కాదు, వస్తున్నానని చెప్పడం. మొదటి రెండు రోజులు నా చెయ్యి పట్టుకునే దాటుదురు గాని.

ఆటోలు రెండు రకాలు. షేర్ ఆటోలో పక్కవాళ్లతో సర్దుకుని కూర్చోవాలి, ఒక రూటులోనే పోతుంది. మన ఒక్కళ్లకే కావాలంటే బేరం మాట్లాడుకోవాలి, అదీ ఎక్కక ముందే. "బాబాయ్, బెంజ్ సర్కిల్‌కి ఎంత?" అని మీరే అడగాలి, నేను పక్కన ఊరికే నిలబడతాను. ముంజలమ్మే ఆమె దగ్గర కూడా ఫోన్‌తో కట్టే స్కానర్ ఉంటుంది గానీ మీ అమెరికా కార్డులు అక్కడ పనికిరావు. ఐదొందల నోటిస్తే చిల్లర లేదంటారు. పది, ఇరవై, యాభై నోట్లు తెచ్చి ఉంచుతాను.

ఇక దారి అడగడం. ఇది శ్రద్ధగా చదవండి. 1978లో నేను మొదటిసారి కలకత్తా వెళ్లినప్పుడు ఒక బస్సు చూపించి "ఇది కాళీఘాట్ పోతుందా?" అని ఒకాయన్ని అడిగాను. ఆయన తలూపాడు, ఎక్కేశాను, గంట తర్వాత ఊరి అవతల తేలాను. పాపం ఆయనకి తెలియదు, తెలియదని చెప్పడానికి మొహమాటం. మన దగ్గరా అంతే. అందుకే "ఇదేనా దారి?" అని అడగొద్దు, "అలంకార్ సెంటర్‌కి ఎటు వెళ్లాలి?" అనండి, అప్పుడు తెలిసినవాళ్లే చెబుతారు. ఇద్దర్ని అడగండి. ఇక్కడ నాలుగు రోడ్లు కలిసేచోటు ఏదైనా సెంటరే, ఇంటి నంబరు కన్నా ఆ సెంటర్ పేరే ముఖ్యం. అన్నట్టు, తల పక్కలకి ఊపితే లేదని అనుకోకండి, చాలాసార్లు సరేననే అర్థం.

గుంటూరు అత్తయ్య వాళ్లింటికి బస్సులో వెళ్దాం. నది పక్కనే పండిట్ నెహ్రూ బస్ స్టేషన్, అక్కడ "గుంటూరు గుంటూరు గుంటూరు" అని ఒకటే కేకలు. మీరు కూడబలుక్కుని నేర్చుకున్న తెలుగు అక్షరాలు బస్సు నుదుటి మీద కనిపిస్తాయి, చదివి ఎక్కించాల్సింది మీరే. 2025 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రంలో ఆడవాళ్లకి సిటీ బస్సులూ పల్లెవెలుగులూ ఫ్రీ, కానీ ఇక్కడి గుర్తింపు కార్డు ఉండాలి, కాబట్టి అమ్ములూ, నీకు టికెట్ తప్పదు.

మీరొచ్చేది రోహిణి కార్తెలో, రోళ్లు పగిలే ఎండ. పొద్దున పదిలోపు, మళ్లీ సాయంత్రం ఐదు తర్వాతే బయటికి. నీళ్ల సీసా ఇంటి నుంచే.

గన్నవరం ఎయిర్‌పోర్టుకి నేనొస్తాను. అక్కణ్నుంచి ఇంటికి దాదాపు 20 కిలోమీటర్లు. దారి పొడుగునా బోర్డులు చదివి నాకు వినిపించాలి మరి.

మీ తాతయ్య