వెనక గ్యాలీ (వంటగది) ఉన్న టియర్‌డ్రాప్ ట్రైలర్: అపోహలు - వాస్తవాలు

అపోహ: కప్లర్ (ట్రైలర్‌ని కారుకు తగిలించే ముందు కొస) ఒంటిచేత్తో లేస్తే బ్యాలెన్స్ కుదిరినట్టే, కారుకూ భారం తగ్గుతుంది.

అమెరికాలో టియర్‌డ్రాప్ (కారు వెనక లాక్కెళ్ళే, కన్నీటి బొట్టు ఆకారపు చిన్న పడక ట్రైలర్) సొంతంగా కట్టుకునేవాళ్ళ దగ్గర ఎప్పుడూ వినబడే మాట ఇది. ప్రాణాల మీదికి తెచ్చేదీ ఇదే. మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం టంగ్ మీద, అంటే కప్లర్ ఉండే ముందు కాడి మీద, పడాలి. అంతకు తగ్గితే హైవే వేగంలో ట్రైలర్ తోక ఊపుతుంది, కారును కూడా తనతో లాగేస్తుంది.

వెనక గ్యాలీతో చిక్కంతా ఇక్కడే. ఖాళీ ట్రైలర్ 1,300 పౌండ్లు, టంగ్ మీద 156 అనుకుందాం. అంటే 12 శాతం, బాగానే ఉంది. యాక్సిల్ (చక్రాల ఇరుసు) నుంచి కప్లర్ 9 అడుగులు ముందు, గ్యాలీ 4 అడుగులు వెనక. గ్యాలీలో 10 గ్యాలన్ల నీళ్ళు (83 పౌండ్లు), ఏజీఎం రకం సీల్డ్ లెడ్-యాసిడ్ బ్యాటరీ (60), నిండు ఐస్‌బాక్స్ కూలర్ (52) పెట్టారు. 195ని 4తో గుణించి 9తో భాగిస్తే 87. టంగ్ మీద అంత బరువు తగ్గి 69 మిగులుతుంది. మొత్తం 1,495లో అది 5 శాతం కూడా కాదు.

అదే నీళ్ళ ట్యాంకును ఫ్లోరు కింద, బ్యాటరీని మంచం కింద, రెండింటినీ యాక్సిల్‌కు 3 అడుగులు ముందు బిగిస్తే టంగ్ 181కి వస్తుంది. నీళ్ళు అయిపోయాక కూడా 153 ఉంటుంది, 10 శాతం దాటే. అలాగని అన్నీ టంగ్ బాక్సులోకి (టంగ్ మీది పెట్టెలోకి) నెట్టకండి. చిన్న కార్ల క్లాస్ వన్ హిచ్‌కి (కారు వెనక ట్రైలర్ తగిలించే తేలికరకం బిగింపుకి) సాధారణంగా 200 పౌండ్లే హద్దు.

టంగ్ బరువు తూచడానికి బాత్రూమ్ స్కేల్ (ఒంటి బరువు చూసుకునే మిషను) చాలు. చక్రాలకు అడ్డు పెట్టి, సామాను మొత్తం సర్ది, ట్రైలర్‌ని లెవెల్‌లో ఉంచి, స్కేల్ మీద నిలబెట్టిన కర్రముక్కపై కప్లర్ ఆనించండి. ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు ఒకసారి, ఖాళీగా ఉన్నప్పుడు ఒకసారి.

"ఇప్పటికే కట్టేశాం, ఇప్పుడెలా?" అని బెంగపడేవాళ్ళకు: విప్పదీయక్కర్లేదు. ముందు సామాను జరపండి. అప్పటికీ చాలకపోతే యాక్సిల్‌ని వెనక్కి జరపాలి. పై లెక్కలో 6 అంగుళాలు జరిపితే టంగ్ మీద దాదాపు 70 పౌండ్లు పెరుగుతుంది. దారిలో ఊగడం మొదలైతే కారు బ్రేకు తొక్కవద్దు, స్టీరింగ్ అటూ ఇటూ తిప్పవద్దు. యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేయండి.

అపోహ: లీకైతే సిలికాన్ పూస్తే సరి.

సిలికాన్ మీద పెయింటు నిలవదు, తర్వాత వేరే సీలెంటూ అంటదు. అల్యూమినియం అంచుల కింద బ్యూటైల్ టేప్ (మెత్తటి రబ్బరు జిగురు పట్టీ) వాడండి. గ్యాలీ తలుపు కారేది ఎక్కువగా పక్కల నుంచి. అక్కడ రబ్బరు సీల్‌తో పాటు నీళ్ళు కిందికి జారే గాడి కూడా ఉండాలి.

అపోహ: చలికి క్యాబిన్‌లో స్టవ్ కాసేపు వెలిగిస్తే ఏం కాదు.

ఎంత చలైనా వద్దు. అంత చిన్న గదిలో కార్బన్ మోనాక్సైడ్ త్వరగా పేరుకుంటుంది, వాసన కూడా రాదు. రూఫ్ వెంట్‌ని, పక్క కిటికీని ఒక అంగుళమైనా తెరిచి పడుకోండి, డిటెక్టర్ తలగడ ఎత్తులో బిగించండి.