శిక్ష కంటే ముందే పనిచేసే పట్టిక

ఎవరి మీదైనా కేసు పెట్టారని తెలియగానే ఇంట్లోవాళ్ళు లాయర్‌ను ముందుగా అడిగేది ఎన్నేళ్ళ శిక్ష పడుతుందని కాదు. ఏ సెక్షన్లు పెట్టారు, స్టేషన్ బెయిల్ వస్తుందా, రిమాండ్‌కు పంపుతారా అని అడుగుతారు. అడగాల్సింది కూడా అదే. మన దేశంలో నేరాలకు వేసిన నంబర్లూ, వాటిని విడగొట్టిన తరగతులూ ఎక్కువగా పనిచేసేది తీర్పుకు ముందే. తీరా శిక్ష ఖరారు చేసే రోజున చట్టం చాలా నేరాలకు గరిష్ఠ పరిమితి ఒకటి చూపించి, మిగతాది జడ్జికి వదిలేస్తుంది.

ఈ అమరిక మొదలైంది ఈస్టిండియా కంపెనీ రోజుల్లో. 1833 చార్టర్ చట్టం తర్వాత 1834లో మొదటి లా కమిషన్ ఏర్పడింది. దానికి థామస్ మెకాలే అధ్యక్షుడు. 1837లో ముసాయిదా సిద్ధమైనా ఇరవై ఏళ్ళకు పైగా అది ఫైళ్ళలోనే నానింది. ఆ తర్వాత లా మెంబర్ అయిన బార్న్స్ పీకాక్ సవరణలు చేశాక 1860 అక్టోబర్ 6న చట్టమై, 1862 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. అదే 511 సెక్షన్ల భారతీయ శిక్షాస్మృతి, అందరికీ తెలిసిన ఐపీసీ. నిజాం రాజ్యంలో దాని నమూనాతోనే రాసుకున్న వేరే శిక్షాస్మృతి ఉండేది. పాత సంస్థానాలతో ఏర్పడిన ‘పార్ట్ బి’ రాష్ట్రాల కోసం చేసిన చట్టం ద్వారా 1951లో గానీ ఐపీసీ తెలంగాణకు రాలేదు.

అప్పట్లో ఇంగ్లండ్‌లో నేరాలను ఫెలనీ (పెద్ద నేరం), మిస్‌డిమీనర్ (చిన్న నేరం) అని రెండుగా చూసేవారు. 1967 దాకా అక్కడ ఆ పద్ధతే నడిచింది. ఫ్రాన్స్‌లో 1810 నాటి శిక్షాస్మృతి మొదటి అధికరణంలోనే, పడే శిక్షను బట్టి నేరాలు మూడు రకాలని చెప్పేసింది. మెకాలే ఈ రెండు దారుల్లో దేన్నీ పట్టుకోలేదు. హాని ఎవరికి జరిగిందన్నదాన్ని బట్టి అధ్యాయాలు పేర్చాడు. ముందు రాజ్యం, సైన్యం, ప్రజాశాంతి. ఆ తర్వాత మనిషి శరీరం, ఆస్తి, వివాహం, పరువు. ప్రతి సెక్షన్‌కూ దాని గరిష్ఠ శిక్ష విడిగా రాశాడు. అందువల్ల సెక్షన్ నంబర్ పెద్దదా చిన్నదా అన్నదానికీ నేరం బరువుకీ సంబంధం లేదు. హత్యకు 302, దొంగతనానికి 379, మోసానికి 420 అనేవి పుస్తకంలో ఆ నేరాలకు దక్కిన స్థానాలు, అంతే.

కొత్త నేరాలు చేర్చాల్సి వచ్చినప్పుడు పాత నంబర్లు కదపకుండా పక్కన అక్షరాలు తగిలించారు. 1860లో వదిలేసిన రాజద్రోహం 1870లో 124ఏగా వచ్చింది. నిర్లక్ష్యంతో ప్రాణం తీయడం అదే ఏడాది 304ఏ అయింది. కోడళ్ళ మీద వేధింపులకు 1983లో 498ఏ, వరకట్న మరణాలకు 1986లో 304బీ, యాసిడ్ దాడులకు 2013లో 326ఏ వచ్చాయి. ఏ కాలంలో సమాజం దేనికి భయపడిందో, దేనికి కోపం తెచ్చుకుందో ఈ అక్షరాలను చూస్తే చాలావరకు తెలుస్తుంది.

అసలైన వర్గీకరణ మాత్రం ఐపీసీలో లేదు. అది 1861లో వచ్చిన నేర విచారణ స్మృతి (సీఆర్‌పీసీ) చివర, ఒక షెడ్యూల్‌లో ఉంది. వారెంటు లేకుండా పోలీసు అరెస్టు చేయొచ్చా, బెయిల్ హక్కుగా దొరుకుతుందా, ఏ కోర్టు విచారించాలి అనే విషయాలను సెక్షన్ల వారీగా గళ్ళలో నింపారు. 1872, 1882, 1898, 1973లలో ఆ స్మృతిని తిరగరాసినా ఆ పట్టిక పోలేదు. 1973 నాటి సీఆర్‌పీసీలో అది మొదటి షెడ్యూల్. కాగ్నిజబుల్ (వారెంటు లేకుండా పోలీసు అరెస్టు చేయగలది), నాన్ బెయిలబుల్ (బెయిల్ హక్కుగా దొరకనిది) అని మనం రోజూ వినే మాటలు దాని కాలమ్‌ల పేర్లే. కొత్తగా పోలీసు వ్యవస్థను నిర్మిస్తున్న వలస ప్రభుత్వానికి కావలసింది శిక్షల కొలబద్ద కాదు, కానిస్టేబుల్‌కూ మేజిస్ట్రేట్‌కూ ఎవరి అధికారం ఎంతవరకో చెప్పే కాగితం. ఆ పట్టికను ఆ కంటితో చూస్తే అందులోని చాలా వింతలు అర్థమవుతాయి.

శిక్ష పెద్దదైతే తరగతి కూడా కఠినంగా ఉంటుందని అనుకుంటాం. ప్రతిసారీ అలా ఉండదు. ఐపీసీ 498ఏకు గరిష్ఠం మూడేళ్ళు, కానీ అది నాన్ బెయిలబుల్. మొదటి భార్య లేదా భర్త ఉండగా రెండో పెళ్ళి చేసుకుంటే 494 కింద ఏడేళ్ళ దాకా పడొచ్చు, అయినా కేంద్ర పట్టికలో అది బెయిలబుల్. పోలీసు తనంతట తాను అరెస్టు చేయడానికి కూడా లేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ శాసనసభ 1992లో పట్టికను సవరించి, మన రాష్ట్రం వరకు దాన్ని కాగ్నిజబుల్, నాన్ బెయిలబుల్ చేసింది. నేరమూ అదే, ఐపీసీలో శిక్షా అదే. రాష్ట్రం సరిహద్దు దాటితే పోలీసు అధికారం మారిపోయేది. ఆ సవరణ విలువెంత అన్న వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. ఎ.సుభాష్ బాబు కేసులో 2011లో కోర్టు దానికి పూర్తి బలం ఇచ్చింది.

ఐపీసీలో లేని నేరాల సంగతి ఇంకా తమాషా. ఇతర చట్టాలు తామే ఏదైనా చెప్పుకుంటే సరే, లేకపోతే షెడ్యూల్ రెండో భాగంలోని మూడు వరుసలే గతి. ఏడేళ్ళకు మించి శిక్ష ఉంటే సెషన్స్ కోర్టు. మూడు నుంచి ఏడేళ్ళయితే ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేట్. ఈ రెండూ కాగ్నిజబుల్, నాన్ బెయిలబుల్. మూడేళ్ళ లోపైతే బెయిలబుల్. మరి చట్టంలో ‘మూడేళ్ళ వరకు’ అని రాసి ఉంటే అది ఏ వరుసలోకి వస్తుంది? కాపీరైట్ ఉల్లంఘనకు శిక్ష చెప్పే కాపీరైట్ చట్టం 63వ సెక్షన్ మీద హైకోర్టులు తలో మాట చెప్పాయి. 2022లో నిట్ ప్రో కేసులో సుప్రీంకోర్టు, మూడేళ్ళు వేసే వీలుంటే చాలు, అది నాన్ బెయిలబులే అని తేల్చింది. ఒక్క రోజు తేడా మీద ఇన్నేళ్ళ వాదన నడవడం నాకైతే పట్టిక లోపంగానే కనిపిస్తుంది.

పదేళ్ళ గీత దగ్గర కూడా ఇదే గొడవ. ఛార్జిషీటు వేయడానికి పోలీసులకు 60 రోజులా, 90 రోజులా అన్నది శిక్షను బట్టే తేలుతుంది. గడువు దాటితే నిందితుడికి బెయిల్ హక్కుగా వస్తుంది. సీఆర్‌పీసీలో రాసిన ‘పదేళ్ళకు తక్కువ కాని’ శిక్ష అంటే కనీసం పదేళ్ళు వేయాల్సినదా, గరిష్ఠంగా పదేళ్ళు వేయగలిగినదా? అసోంకు చెందిన రాకేశ్ కుమార్ పాల్ కేసులో 2017లో సుప్రీంకోర్టు ముగ్గురు జడ్జీల ధర్మాసనం ఇద్దరు ఒకవైపు, ఒకరు ఒకవైపుగా చీలింది. మెజారిటీ మొదటి అర్థమే తీసుకుంది. కింది కోర్టులో రిమాండ్ పొడిగింపు వాదించే లాయర్‌కు ఇప్పుడు ఈ తీర్పు కంఠతా వచ్చి ఉండాల్సిందే.

ఏడేళ్ళ గీత అందరికంటే ఎక్కువ మందిని తాకింది. 2008 సవరణతో సీఆర్‌పీసీలోకి 41ఏ నోటీసు వచ్చింది. ఏడేళ్ళ లోపు, ఏడేళ్ళ వరకు శిక్ష ఉన్న కేసుల్లో అరెస్టు అవసరమైతే కారణాలు రాయాలి, లేకుంటే నోటీసు ఇచ్చి విచారణకు పిలవాలి. ఇది కాగితం మీదే ఉండిపోతోందని 2014లో అర్నేశ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పాక స్టేషన్లలో ‘41ఏ ఇచ్చి పంపించాం’ అనే మాట మామూలైంది. సెక్షన్ల ఎంపిక మీద బేరం, ఒత్తిడి కూడా అప్పటి నుంచే పెరిగాయని నా అనుమానం. ఎఫ్ఐఆర్‌లో ఏడేళ్ళకు మించిన సెక్షన్ ఒక్కటి కలిస్తే నోటీసుతో పోయేది రిమాండ్ అవుతుంది. తర్వాత సెక్షన్ మారుస్తూ కోర్టులో మెమో వేసినా ఆ జైలు రోజులు వెనక్కి రావు.

బాలల చట్టంలో ఇవే గీతలు మరో రూపంలో కనిపిస్తాయి. 2015 చట్టం నేరాలను చిన్నవి, తీవ్రమైనవి, ఘోరమైనవి అని మూడుగా విడగొట్టింది. ఘోరమైనవైతే 16 నుంచి 18 ఏళ్ళ పిల్లలను పెద్దలతో సమానంగా విచారించే వీలుంది. కనీస శిక్ష ఏడేళ్ళు ఉంటే ఘోరం, మూడు నుంచి ఏడేళ్ళయితే తీవ్రం అన్నారు. గరిష్ఠం ఏడేళ్ళు దాటి, కనీస శిక్షే లేని నేరాల మాట మర్చిపోయారు. హత్య కిందికి రాని ప్రాణహరణం సరిగ్గా ఆ సందులోనే ఉంది. ఢిల్లీలో ఒక మైనర్ నడిపిన కారు గుద్ది మనిషి చనిపోయిన కేసులో ఇది బయటపడింది. 2020లో శిల్పా మిట్టల్ కేసులో సుప్రీంకోర్టు వాటిని ‘తీవ్రం’ కింద చూడమంది. 2021లో పార్లమెంటు చట్టాన్ని అలాగే సవరించింది.

ఇంతా చేసి, దోషి అని తేలాక ఎంత శిక్ష వేయాలన్న చోట ఈ గీతలు పెద్దగా సాయపడవు. 1898 స్మృతిలో హత్యకు మరణశిక్షే మామూలు. అది వేయకపోతే జడ్జి కారణం రాయాలి. 1955లో ఆ నిబంధన తీసేశారు. 1973 చట్టం దాన్ని పూర్తిగా తిప్పేసి, మరణశిక్ష వేస్తేనే ప్రత్యేక కారణాలు రాయాలంది. శిక్ష మీద విడిగా వాదనలు వినాలని కూడా అప్పుడే వచ్చింది. 1980లో బచ్చన్ సింగ్ తీర్పు ‘అరుదైన వాటిలోకెల్లా అరుదైన’ కేసు అన్న కొలమానం ఇచ్చింది. ఉరి గురించి ఇంత ఆలోచన జరిగింది. గరిష్ఠంగా మూడేళ్ళు పడే దొంగతనం కేసులో ఆరు నెలలు వేయాలా, రెండేళ్ళు వేయాలా అన్నదాని మీద ఇందులో పదో వంతు కూడా జరగలేదు.

అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రం 1980లో నేర తీవ్రత ఒకవైపు, పాత నేరచరిత్ర మరోవైపు పెట్టి శిక్షల పట్టిక గీసింది. అక్కడి ఫెడరల్ కోర్టులకు 1987లో వచ్చిన పట్టికలో 43 స్థాయిలు, ఆరు చరిత్ర వర్గాలు ఉన్నాయి. ఆ లెక్క జడ్జి చేతులు కట్టేస్తోందన్న విమర్శలు చాలా ఏళ్ళు సాగాయి. 2005లో వాళ్ళ సుప్రీంకోర్టు రాజ్యాంగ కారణాలతో అది తప్పనిసరి కాదు, సలహా మాత్రమే అంది. ఇంగ్లండ్‌లో 2010 నుంచి ఒక కౌన్సిల్ ఈ మార్గదర్శకాలు రాస్తోంది. మన దగ్గర నేర న్యాయ సంస్కరణల కోసం వేసిన జస్టిస్ మలిమత్ కమిటీ 2003లోనే శిక్షల మార్గదర్శకాలకు ఒక చట్టబద్ధ సంఘం ఉండాలని, నేరాలను కొత్తగా నాలుగు స్మృతులుగా విడదీయాలని చెప్పింది. ఆ నివేదికలోని కొన్ని ఇతర సిఫార్సుల మీద రేగిన గొడవలో ఇది మరుగున పడింది. 2024లో ఒక బీహార్ కేసు వింటూ సుప్రీంకోర్టు మళ్ళీ సమగ్ర శిక్షా విధానం గురించి ఆలోచించమని కేంద్రానికి సూచించింది.

అదే ఏడాది జులై 1న ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత, సీఆర్‌పీసీ స్థానంలో భారతీయ నాగరిక సురక్షా సంహిత అమల్లోకి వచ్చాయి. 511 సెక్షన్లు 358 అయ్యాయి. హత్య 103కు, మోసం 318కి, అత్తింటి వేధింపులు 85కు వెళ్ళాయి. కొత్త సంహితలో 302 అంటే మతభావాలు గాయపరిచే మాటలు అనడం, గరిష్ఠం ఏడాది. జులై 1కి ముందు జరిగిన నేరానికి పాత నంబరే వర్తిస్తుంది కాబట్టి కోర్టు గుమాస్తాలు, రైటర్లు ఇంకా చాలా ఏళ్ళు రెండు పుస్తకాలూ దగ్గర పెట్టుకోవాల్సిందే.

నంబర్లు మారినా గీతల మీద నమ్మకం మారలేదు, పైగా పెరిగింది. మూడు నుంచి ఏడేళ్ళ లోపు నేరాల్లో ఎఫ్ఐఆర్‌కు ముందు 14 రోజుల ప్రాథమిక విచారణకు వీలు కల్పించారు. ఏడేళ్ళు, అంతకు మించి శిక్ష ఉన్న నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు ఘటనా స్థలానికి వెళ్ళాలన్నారు. 41ఏ నోటీసు ఇప్పుడు 35(3) నోటీసు. పట్టికలోని పాత వింతలూ అలాగే ఉన్నాయి. నిర్లక్ష్యపు మరణానికి శిక్షను రెండేళ్ళ నుంచి ఐదేళ్ళకు పెంచారు, బెయిలబుల్‌గానే ఉంచారు. గుద్ది పారిపోతే పదేళ్ళన్న 106(2)ను మాత్రం లారీ డ్రైవర్ల ఆందోళన తర్వాత అమల్లోకి తేకుండా ఆపారు. రెండో పెళ్ళి కేంద్ర పట్టికలో మళ్ళీ బెయిలబులే.

నిజంగా కొత్తదంటే సామాజిక సేవ. ఐపీసీ శిక్షల జాబితాలో లేని ఈ శిక్షను ఆరు చిన్న నేరాలకు పెట్టారు. తాగి రోడ్డు మీద గొడవ చేయడం, పరువు నష్టం, ఐదు వేల రూపాయల లోపు తొలి దొంగతనం చేసి సొత్తు తిరిగి ఇచ్చేయడం వంటివి అందులో ఉన్నాయి. సమాజానికి పనికొచ్చేలా, జీతం లేకుండా కోర్టు చేయమన్న పని అని దానికి నిర్వచనం రాశారు. ఎన్ని గంటలో, ఎన్ని రోజులో, ఏ నేరానికి ఎలాంటి పనో రాయలేదు. ఒక మేజిస్ట్రేట్ ఆసుపత్రిలో మూడు రోజులు ఊడ్వమనొచ్చు, ఇంకొకరు అదే నేరానికి నెల రోజులు మొక్కలకు నీళ్ళు పోయమనొచ్చు. రెండూ చట్టప్రకారమే.