మల్లె అత్తరా, వట్టివేరు అత్తరా?

హనుమకొండ

చిట్టీ, కన్నా,

అమ్మ పుట్టినరోజుకు అత్తరు కొంటామని, మల్లె తీసుకోవాలో వట్టివేరు తీసుకోవాలో తేలడం లేదని రాశారు. చదివి ఎంత మురిసిపోయానో!

అంగడిలో మూత తీయగానే గెలిచేది మల్లే. దాని పరిమళంలో ముఖ్యమైన బెంజైల్ అసిటేట్ అనే పదార్థపు అణుభారం, అంటే ఒక్కో అణువు బరువును చెప్పే అంకె, 150. తేలికది కాబట్టి ఇట్టే గాలిలోకి లేస్తుంది. వట్టివేరులోని ఖుసిమాల్ అనే పదార్థపు అణుభారం 220. అది నింపాదిగా ఆవిరవుతుంది. మొదట తడిమట్టి, వేరు వాసన వేసి మీకు నచ్చకపోవచ్చు. సాయంత్రానికి అదే మెత్తబడి, బట్ట మీద మరునాటికీ నిలుస్తుంది.

మల్లెలో ఇండోల్ అనే పదార్థం ఉంటుంది. మలంలోనూ ఉండేది అదే! చిక్కగా ఉంటే కంపు, రవ్వంత ఉంటే పువ్వుకు నిండుదనం. ఎంత వింతో చూడండి. ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్‌లో పాత పద్ధతిలో అయితే రాగి పాత్రలో పూలను నీళ్లతో మరిగించి, ఆ ఆవిరిని వెదురు గొట్టం గుండా చందన తైలంలోకి పంపుతారు. అలాంటి అత్తరులో మల్లె తగ్గాక మిగిలేది చందనమే. చౌక కోసం వేరే నూనె కలిపేవారూ ఉన్నారు, అడిగి తెలుసుకోండి.

ఒక్కో చేతికి ఒక్కోటి రాయించుకొని, కొనకుండా ఇంటికి రండి. గంటకోసారి వాసన చూడండి. ఒకే వాసనకు ముక్కు కొన్ని నిమిషాల్లోనే అలవాటు పడిపోతుంది కాబట్టి మధ్యమధ్య ఆరుబయట తిరగండి.

నన్నడిగితే వట్టివేరే కొనమంటాను. మల్లె సాయంత్రపు పెళ్లిళ్లకు బాగుంటుంది. మీ అమ్మ పగలంతా కాజీపేటలో పిల్లలతో కిక్కిరిసిన తరగతి గదిలో పాఠం చెబుతుంది. అక్కడ మల్లె ఒక చుక్క ఎక్కువైనా ముందు వరుస పిల్లలకు ఊపిరాడదు. పైగా 40 డిగ్రీలు దాటే మన వరంగల్ ఎండల్లో ఒంటి వేడికి అది తొందరగా ఎగిరిపోతుంది. ఇంకొకటి, చిన్నప్పుడు మీ అమ్మ వేసవి మధ్యాహ్నాలు తడిపిన వట్టివేళ్ల తడికల పక్కనే చాప వేసుకొని పడుకునేది. ఆ వాసన తనకు ఇష్టమని నాకు తెలుసు.

చిన్న సీసా చాలు. ఎండకూ వేడికీ అత్తరు పాడవుతుంది, బీరువాలో పెట్టుకోమని అమ్మకు చెప్పండి.

మీ అమ్మమ్మ