చాక్లెట్ యావ ఎక్కడ పుడుతుంది?

ఏలూరు జిల్లా కొబ్బరి తోటల్లోనూ, ఆయిల్‌పామ్ తోటల్లోనూ చెట్ల నీడన కోకో అంతరపంటగా పండుతుంది. పండిన కాయను పగలగొడితే తెల్లటి గుజ్జు అంటుకున్న గింజలు వరసగా కనిపిస్తాయి. ఆ గుజ్జు పులుపూ తీపీ కలిసి చప్పరించడానికి బాగుంటుంది. గుజ్జు అయిపోయాక లోపలి గింజను కొరికితే మాత్రం మొహం చిట్లించాల్సిందే. ఊదారంగు పప్పు, నాలుక పట్టేసే వగరు, చేదు. చాక్లెట్ వాసన జాడైనా ఉండదు. అది రావాలంటే గింజల్ని దాదాపు వారం పాటు పులియబెట్టాలి, ఎండబెట్టాలి, ఆపైన వేయించాలి.

చాక్లెట్ మనసుకు మందులా పనిచేస్తుందనేవాళ్లు చెప్పే థియోబ్రోమిన్ (కెఫీన్ లాంటిదే మరో పదార్థం), కెఫీన్, మెగ్నీషియం అన్నీ ఆ పచ్చి గింజలోనే ఉన్నాయి. అయినా పచ్చి కోకో గింజ తినాలని మనసు లాగిందని చెప్పినవాళ్లను నేను చూడలేదు.

ప్రచారంలో ఉన్న కథలకు లోటు లేదు. చాక్లెట్‌లో ఫినైల్ఇథైలమైన్ అనే ‘ప్రేమ రసాయనం’ ఉందంటారు. ఉన్నమాట నిజమే. కానీ తిన్నదాంట్లో ఎక్కువ భాగాన్ని మెదడుకు చేరకముందే శరీరంలోని ఎంజైములు విరిచేస్తాయి. పైగా కొన్ని రకాల చీజ్‌లో అది చాక్లెట్‌లో కన్నా ఎక్కువ. చీజ్‌ను ప్రేమకు కానుకగా ఇచ్చే ఆచారం మరి ఎందుకు పుట్టలేదో! 1996లో మన మెదడులోనే పుట్టి గంజాయిలా పనిచేసే ఆనందమైడ్ అనే పదార్థం చాక్లెట్‌లో కనిపించిందని ‘నేచర్’ పత్రికలో వచ్చినప్పుడు, ఇది గంజాయి తోబుట్టువే అన్నట్టు వార్తలు గుప్పుమన్నాయి. అసలు ఉన్నది లేశమాత్రం. ఇక మెగ్నీషియం తక్కువై శరీరం చాక్లెట్ అడుగుతోందన్న మాట. అదే నిజమైతే శరీరం అడగాల్సింది గుమ్మడి గింజల్ని, బాదం పప్పుల్ని. మిల్క్ చాక్లెట్‌లో కన్నా వాటిలోనే మెగ్నీషియం చాలా ఎక్కువ.

ఈ కథలన్నిటినీ ఒక్క దెబ్బతో పరీక్షించిన ప్రయోగం 1994లో వచ్చింది. అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో విల్లా మిచెనర్, పాల్ రోజిన్ చేశారు. ఖరీదైన యంత్రాలేవీ లేని ఈ ప్రయోగమంటే నాకు ప్రత్యేకమైన గౌరవం. చాక్లెట్ యావ ఉన్నవాళ్లకు కొన్ని పెట్టెలిచ్చి, కోరిక పుట్టినప్పుడు ఒకటి తెరిచి అందులో ఉన్నది తినమన్నారు. ఒకదాంట్లో మిల్క్ చాక్లెట్. ఇంకోదాంట్లో వైట్ చాక్లెట్, అంటే కోకో వెన్న, చక్కెర, పాలు ఉంటాయి గానీ కోకో పొడి ఉండదు. మరోదాంట్లో కోకో పొడి నింపిన గొట్టం మాత్రలు. రసాయనాలన్నీ వీటిలో ఉన్నాయి, రుచి మాత్రం నాలుకకు తగలదు. ఉత్తుత్తి మాత్రలు కూడా ఒక పెట్టెలో పెట్టారు.

మిల్క్ చాక్లెట్ కోరికను బాగా తీర్చింది. వైట్ చాక్లెట్ కొంతవరకు తీర్చింది. కోకో మాత్రలకూ ఉత్తుత్తి మాత్రలకూ పెద్ద తేడా కనిపించలేదు. వైట్ చాక్లెట్‌తో పాటు కోకో మాత్రలు మింగినా అదనంగా ఒరిగిందేమీ లేదు. రసాయనాలు కడుపులోకి వెళ్లాయి, కోరిక నోట్లోనే ఉండిపోయింది.

నోట్లో జరిగేదేమిటి? కోకో వెన్న గడ్డకట్టేటప్పుడు ఆరు రకాల స్ఫటికాలుగా పేరుకోగలదు. తయారీదారులకు కావలసింది అయిదో రకం. అది 34 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది, మన ఒంటి వేడి 37. అందుకే విరిస్తే టక్కుమనే బిళ్ల నాలుక మీద పెట్టగానే కరిగి, వాసనను ముక్కు వెనక దారిలోకి పంపిస్తుంది. మన ఎండాకాలంలో కిరాణా కొట్లో ఒకసారి కరిగి మళ్లీ గట్టిపడిన చాక్లెట్ మీద తెల్లటి పొర కనిపిస్తుంది. బూజనుకుని పారేస్తారు గానీ అది పైకి తేలిన కొవ్వు. ప్రమాదం లేదు. తింటే మాత్రం పిండిపిండిగా తగులుతుంది. సరుకు మారలేదు, స్ఫటికాల అమరిక చెడింది, సగం సుఖం పోయింది.

దీనికి తోడు కొవ్వు, చక్కెర జోడీ. ప్రకృతిలో పండ్లలో చక్కెర, బాదం లాంటి పప్పుల్లో కొవ్వు విడివిడిగానే ఎక్కువ దొరుకుతాయి. రెండూ కలిసి దొరికేది ముఖ్యంగా పాలలో. కొవ్వు, పిండిపదార్థం విడిగా ఉన్న తిండి కన్నా, అంతే కేలరీలున్నా, రెండూ కలిసిన తిండికి జనం ఎక్కువ ధర పలికారని, మెదడులో స్పందన కూడా ఎక్కువగా కనిపించిందని 2018లో ఒక పరిశోధన తేల్చింది. నెయ్యి కారే మైసూర్‌పాక్ తిన్నవాళ్లకు ఈ సంగతి ఇంకొకరు చెప్పక్కర్లేదు.

కెఫీన్ పాత్ర బొత్తిగా లేదని కాదు. అది ఇచ్చే కాస్త హుషారును మెదడు ఆ రుచితో ముడివేసి గుర్తుపెట్టుకుంటుంది. కోతుల మీద మెదడు శాస్త్రవేత్త వుల్‌ఫ్రామ్ షుల్ట్స్ చేసిన ప్రయోగాల్లో, మొదట పళ్లరసం నోట్లో పడ్డప్పుడు స్పందించిన డోపమైన్ కణాలు (డోపమైన్ అనే సంకేత రసాయనాన్ని వదిలే మెదడు కణాలు), అలవాటయ్యాక రసం వస్తుందని చెప్పే సంకేతానికే స్పందించాయి. రేపర్ చప్పుడుకే మనసు లాగడం ఈ కోవలోదే.

ఏ సంకేతానికి ఏ తిండి కావాలనిపిస్తుందన్నది మాత్రం చాలావరకు ఊరూ వాడా నేర్పేదే. అమెరికాలో చాలామంది స్త్రీలు నెలసరి రోజుల్లో చాక్లెట్ కావాలనిపిస్తుందంటారు. హార్మోన్లే కారణమని అనుకుంటూ వచ్చారు. అదే నిజమైతే నెలసరి ఆగిపోయాక కోరిక బాగా తగ్గాలి. 2009లో రోజిన్, జూలియా హోర్మెస్ చూస్తే తగ్గింది కొంచెమే. స్పెయిన్ స్త్రీలలో నెలసరి చాక్లెట్ యావ అమెరికాలో కన్నా తక్కువ. ఈజిప్టులో అడిగితే తీపి కన్నా ఉప్పటి వంటకాల మీదే మనసు పోతుందన్నారు. హార్మోన్లు దేశానికో రకంగా ఉండవు కదా. అమెరికాలో చాక్లెట్‌కు ‘తినకూడదు గానీ తినాలనిపించేది’ అన్న పేరుంది, నెలసరి రోజులు ఆ నిషేధానికి సడలింపు ఇస్తాయని హోర్మెస్ వాదన. నాకూ అదే సబబనిపిస్తుంది. డల్లాస్‌లో ఉన్న తెలుగువాడికి ఆవకాయ అన్నం కోసం ప్రాణం లాగితే ఆవకాయలో ఏ మందుందో వెతికేవాళ్లు ఎవరూ లేరు. చాక్లెట్‌కే ఆ మర్యాద దక్కింది.

కోరిక పుట్టినప్పుడు మనసులో కదిలేది ముఖ్యంగా ఆ తిండి బొమ్మ, వాసన. ఆ బొమ్మకు కావలసిన చోటును ఇంకో పని ఆక్రమిస్తే యావ సడలుతుందని బ్రిటన్‌లో ప్లిమత్ విశ్వవిద్యాలయం వాళ్లు 2012లో చూపించారు. వాళ్లు వాడిన సాధనం మెత్తటి మట్టిముద్ద, దాంతో బొమ్మలు చేయించడమే పని. అదే ఏడాది ఎక్సెటర్ విశ్వవిద్యాలయంలో రోజూ చాక్లెట్ తినే అలవాటున్నవాళ్లను రెండు వర్గాలు చేసి, ఒక వర్గాన్ని 15 నిమిషాలు చురుగ్గా నడిపించి, రెండో వర్గాన్ని ఊరికే కూర్చోబెట్టి, తర్వాత బల్ల మీద పని చేసుకుంటుండగా పక్కన చాక్లెట్ గిన్నె పెట్టారు. నడిచి వచ్చినవాళ్లు తిన్నది, కూర్చున్నవాళ్లు తిన్నదాంట్లో దాదాపు సగమే.